పాఠం 14: ఊరెళ్ళే ముందు – ప్రయాణ బీమా

ఈ పాఠంలో నేర్చుకునేవి

• ప్రయాణ బీమా అంటే ఏమిటి, ఎప్పుడు తీసుకోవాలి, అది దేనికి డబ్బు ఇస్తుంది, దేనికి ఇవ్వదు
• బీమాకి సంబంధించిన 10 కొత్త మాటలు
• “–తే, –కపోతే, –తేనే, –నా” అనే రూపాలు వాడటం
• ఒక సామెత

ముందుగా మాట్లాడుకుందాం

పిల్లలూ! సెలవుల్లో అమ్మమ్మగారి ఊరో నాయనమ్మగారి ఊరో వెళ్ళేముందు మీ ఇంట్లో ఏమేం సర్దుతారు? చాక్లెట్లు, బట్టలు, తాతయ్యకి విటమిన్ మాత్రలు, పిన్నికి సెంటు సీసా... ఇవన్నీ పెట్టెలో పడతాయి. పెట్టెలో కనపడనిది ఇంకొకటి కూడా సర్దుకోవాలి. అదే బీమా. మీ ఇంట్లో దాన్ని ‘ఇన్సూరెన్స్’ అంటారు కదా! దాని గురించి ఎవరు మాట్లాడతారు? మీరు ఎప్పుడైనా విన్నారా?

చదువుదాం: సిరి పెట్టిన టిక్కు

ఏప్రిల్ నెల. శనివారం పొద్దున్న. బర్మింగ్‌హామ్‌లో సన్నగా వాన పడుతోంది. సిరి వాళ్ళ వంటింటి బల్ల మీద నాలుగు పాస్‌పోర్టులు, నాన్న లాప్‌టాప్, చల్లారిపోయిన టీ కప్పు ఉన్నాయి. జులై చివర్లో బడికి సెలవులు ఇవ్వగానే వాళ్ళు రాజమండ్రి వెళ్తున్నారు. ముందు దుబాయ్, అక్కడ విమానం మారి హైదరాబాద్, ఆ తర్వాత రాత్రి రైలు. టికెట్లు నిన్ననే కొన్నారు.

“ఇంకా ఏం చేస్తున్నావు నాన్నా? టికెట్లు కొనేశాం కదా!” అంది సిరి.

“ప్రయాణ బీమా తీసుకుంటున్నానమ్మా.”

“ఇప్పుడే ఎందుకు? వెళ్ళేది జులైలో కదా?” అన్నాడు తమ్ముడు చిన్ను.

“ఇవాళ తీసుకుంటే కొంత రక్షణ ఇవాళ్టి నుంచే మొదలవుతుంది. జూన్‌లో నీ కాలు విరిగిందనుకో, మనం వెళ్ళలేకపోయామనుకో, టికెట్ల డబ్బు బీమా కంపెనీని అడగొచ్చు. కాలు విరిగాక బీమా కొంటే ఎవరూ ఇవ్వరు.”

“నా కాలే ఎందుకు విరగాలి? అక్కది విరగకూడదా?” అన్నాడు చిన్ను.

నాన్న నవ్వి తర్వాతి ప్రశ్న పైకి చదివాడు. “ప్రయాణికుల్లో ఎవరికైనా ముందునుంచీ ఉన్న జబ్బు ఏదైనా ఉందా? ఉంది, లేదు. ఒకటి ఎంచుకోండి.”

సిరికి ఉబ్బసం ఉంది. దాన్నే ఆస్తమా అని కూడా అంటారు. కిందటి నవంబరులో ఒక రాత్రి ఊపిరాడక ఆసుపత్రికి వెళ్ళాల్సి వచ్చింది. ఆ తర్వాత మళ్ళీ అంత ఇబ్బంది రాలేదు.

“నాన్నా, ‘లేదు’ అని పెట్టేయ్,” అంది సిరి మెల్లగా.

“ఎందుకమ్మా?”

“ఇప్పుడు బాగానే ఉన్నాను కదా! ‘ఉంది’ అంటే డబ్బు ఎక్కువ అడుగుతారట. నా వల్ల అందరికీ ఖర్చు.”

నాన్న లాప్‌టాప్ పక్కకి జరిపాడు.

“నా స్నేహితుడి నాన్నగారి సంగతి చెప్తాను. ఆయనకి బీపీ ఉండేది. సెలవులకి వేరే దేశం వెళ్తూ బీమా కాగితంలో ‘ఏ జబ్బూ లేదు’ అని రాశారు. కొన్ని పౌండ్లు మిగిలాయి. అక్కడికి వెళ్ళాక గుండెనొప్పి వచ్చింది. ప్రాణం దక్కింది. కానీ ఆసుపత్రి బిల్లు చాలా పెద్దది. బీమా కంపెనీని అడిగితే వాళ్ళు ఆయన డాక్టరు దగ్గర్నుంచి పాత రికార్డులు తెప్పించి చూశారు. ఏళ్ళ తరబడి బీపీ మాత్రలు వేసుకుంటున్నట్టు అందులో ఉంది. ‘మీరు నిజం చెప్పలేదు’ అని డబ్బు ఇవ్వలేదు. వాళ్ళు దాచుకున్నదంతా ఆ బిల్లుకే పోయింది.”

“బీమా కొన్నా ఇవ్వలేదా?”

“ఆయన కొన్నది బీపీ లేని మనిషికి బీమా. ఆయనకి కాదు కదా!”

సిరి కాసేపు ఏమీ మాట్లాడలేదు. నవంబరు రాత్రి గుర్తొచ్చింది. అంబులెన్సులో అమ్మ తన చెయ్యి వదలకుండా పట్టుకుంది. ఆ రాత్రి డబ్బు గురించి ఎవరూ మాట్లాడలేదు. రాజమండ్రిలో అలాంటి రాత్రి వస్తే?

సిరి లాప్‌టాప్ తన వైపు తిప్పుకుంది. “ఉంది” దగ్గర తనే టిక్కు పెట్టింది. ఇంకో నాలుగు ప్రశ్నలు వచ్చాయి. ఏ మందులు వాడుతున్నారు? ఆసుపత్రిలో ఎప్పుడు చేరారు? అన్నిటికీ ఉన్నది ఉన్నట్టు రాశారు. కట్టాల్సిన డబ్బు 64 పౌండ్ల నుంచి 79 పౌండ్లకి పెరిగింది.

“చూశావా! నా వల్ల పదిహేను పౌండ్లు ఎక్కువ,” అంది సిరి.

అప్పుడే వచ్చిన అమ్మ ఆ మాట వింది. “నాకు కళ్ళజోడు కావాలి. చిన్నుకి ఏడాదికి మూడు జతల బూట్లు కావాలి. నీకు ఇది కావాలి. ఇంట్లో వాళ్ళ మధ్య లెక్కలు అలా వేసుకోరమ్మా,” అంది.

సాయంత్రం అమ్మమ్మ ఫోన్ చేసింది. సంగతి విని ఒకటే నవ్వు. “నా ఇంటికి రావడానికి ఇన్సూరెన్సేంటే? నేనేమైనా పులినా?”

“పులివి కాదు అమ్మమ్మా! కానీ నువ్వు పెట్టే పూతరేకులు తిని చిన్నుకి కడుపునొప్పి వస్తే?”

“అదీ నిజమే. వాడికి తప్పకుండా తీసుకోండి,” అంది అమ్మమ్మ.

జులైలో హైదరాబాద్‌లో దిగాక ఒక పెట్టె రాలేదు. దుబాయ్‌లోనే ఉండిపోయిందట. నాన్న విమానాశ్రయం దాటి బయటికి రాకముందే సామాను కౌంటరులో ఫిర్యాదు రాయించి, ఆ కాగితం జాగ్రత్త చేశాడు. పెట్టె మూడో రోజుకి రాజమండ్రి చేరింది. అందులో చిన్ను బట్టలన్నీ ఉన్నాయి. సిరి ఇన్‌హేలర్ మాత్రం తన భుజానికి ఉన్న సంచిలోనే ఉంది. ఈలోపు చిన్నుకి కొన్న రెండు చొక్కాలు, ఒక లాగు రసీదులు నాన్న దాచాడు. ఇంటికి వచ్చాక పంపిస్తే బీమా కంపెనీ ఆ డబ్బు ఇచ్చింది.

ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ సిరికి ఊపిరి ఇబ్బంది రాలేదు.

“నా చొక్కాలకి డబ్బు వచ్చింది. అక్క పదిహేను పౌండ్లు మాత్రం వృథా,” అన్నాడు చిన్ను.

“పోతే పోనీరా. ఆసుపత్రికి వెళ్ళలేదు కదా!” అంది సిరి.

కొత్త మాటలు

1. బీమా: నష్టం జరిగితే డబ్బు ఇస్తామనే ఒప్పందం. (‘బీ’ అని రాయాలి, ‘భీ’ కాదు. చాలామంది ‘భీమా’ అని రాస్తారు. భీముడికీ బీమాకీ చుట్టరికం లేదు! ఇది పారసీ భాష నుంచి ఉర్దూ, హిందీల మీదుగా మనకి వచ్చిన మాట.)
2. ప్రీమియం: బీమా కోసం మనం కట్టే డబ్బు.
3. పాలసీ: ఆ ఒప్పందం రాసి ఉన్న పత్రం.
4. క్లెయిము: నష్టం జరిగాక “మాకు రావలసిన డబ్బు ఇవ్వండి” అని అడగటం.
5. ఎక్సెస్: ప్రతి క్లెయిములో మొదట మనమే భరించాల్సిన వాటా. అమెరికాలో దీన్ని డిడక్టిబుల్ అంటారు.
6. పరిమితి: కంపెనీ ఇచ్చే డబ్బుకి హద్దు. అంతకు మించి ఇవ్వరు.
7. మినహాయింపు: పాలసీలో “దీనికి డబ్బు ఇవ్వం” అని రాసిన విషయం.
8. ముందునుంచీ ఉన్న జబ్బు: బీమా తీసుకునే నాటికే ఉన్న జబ్బు. ఉబ్బసం, బీపీ, షుగరు లాంటివి.
9. రద్దు: జరగాల్సింది జరగకుండా ఆపేయడం.
10. రసీదు: డబ్బు కట్టినట్టు ఇచ్చే కాగితం.

తెలుసుకుందాం: అయిదు “అయితే”లు

బీమా పాలసీ చదివితే అందులో ఎక్కువగా కనపడేది “అయితే” అనే మాటే. ఇలా అయితే ఇస్తాం, అలా అయితే ఇవ్వం. ప్రయాణానికి ముందు ఇంట్లో ఈ అయిదు “అయితే”ల గురించి అడగండి.

1. ప్రయాణం రద్దయితే?
ఇంట్లో ఎవరికైనా పెద్ద జబ్బు చేసి వెళ్ళలేకపోతే, టికెట్లకీ హోటలుకీ కట్టి వెనక్కి రాని డబ్బు బీమా ఇస్తుంది. అందుకే టికెట్లు కొన్న వెంటనే బీమా తీసుకోవడం మంచిది. “వెళ్ళాలనిపించలేదు” అంటే మాత్రం మామూలు పాలసీలు డబ్బు ఇవ్వవు.

2. జబ్బు చేస్తే, దెబ్బ తగిలితే?
అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. బ్రిటన్‌లో మనకి వైద్యం చేసే ఎన్‌హెచ్‌ఎస్ భారతదేశంలో ఆసుపత్రి బిల్లు కట్టదు. అమెరికాలో పెద్దవయసు వాళ్ళకి ఉండే మెడికేర్ కూడా మామూలుగా దేశం దాటితే పనిచేయదు. పరాయి దేశంలో ఉన్న పౌరుల ఆసుపత్రి బిల్లులు అమెరికా ప్రభుత్వం గానీ బ్రిటన్ ప్రభుత్వం గానీ కట్టవు. రోగిని ప్రత్యేక విమానంలో ఇంటికి తీసుకురావాలంటే ఖర్చు లక్ష డాలర్లు కూడా దాటవచ్చు. పాలసీలో ఇంటికి చేర్చే ఖర్చు కూడా ఉందో లేదో చూడాలి. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే పాలసీ మీద ఉన్న నంబరుకి వీలైనంత త్వరగా ఫోన్ చేయాలి.

3. సామాను పోతే, ఆలస్యంగా వస్తే?
విమానాల సామాను గురించి దేశాలు 1999లో మాంట్రియల్‌లో ఒక ఒప్పందం చేసుకున్నాయి. భారతదేశం, బ్రిటన్, అమెరికా మూడూ అందులో ఉన్నాయి. దాని ప్రకారం పెట్టె పగిలితే, అది చేతికి వచ్చిన 7 రోజుల్లోపు, ఆలస్యంగా వస్తే, వచ్చిన 21 రోజుల్లోపు విమాన సంస్థకి రాసి ఇవ్వాలి. బీమా దానికి అదనం. విమాన సంస్థ కాగితం, రసీదులు లేకపోతే బీమా క్లెయిము కష్టం.

4. విమానం తప్పిపోతే?
దుబాయ్‌లోనో దోహాలోనో విమానం మారాల్సి ఉంటే, మొదటి విమానం ఆలస్యమై రెండోది అందకపోవచ్చు. అప్పుడు కొత్త టికెట్టు, హోటలు ఖర్చు ఎవరిది? కొన్ని పాలసీల్లో ఇది ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. ఎన్ని గంటలు ఆలస్యమైతే ఇస్తారో కూడా చూడాలి.

5. మన వల్ల వేరేవాళ్ళకి నష్టం జరిగితే?
మీరు కొట్టిన క్రికెట్ బంతి ఎవరి కంటికో తగిలిందనుకోండి. వాళ్ళకి ఇవ్వాల్సిన పరిహారం కూడా కొన్ని పాలసీల్లో ఉంటుంది.

బీమా ఇవ్వనివి

• చెప్పకుండా దాచిన జబ్బుకి చికిత్స.
• ఎవరూ చూడకుండా వదిలేసిన వస్తువులు. రైల్వే స్టేషన్ బల్ల మీద టాబ్లెట్ వదిలేసి సమోసాలు కొనుక్కోవడానికి వెళ్తే, అది పోయినా చాలా కంపెనీలు ఇవ్వవు.
• హెల్మెట్ లేకుండా బండి ఎక్కినప్పుడు తగిలిన దెబ్బలు. చాలా పాలసీల్లో ఈ మినహాయింపు ఉంటుంది. “ఇక్కడిదాకే కదరా, ఎక్కు!” అని మావయ్య అన్నా సరే, “హెల్మెట్ ఇవ్వు మావయ్యా” అనండి.
• పెద్ద సాహస క్రీడలు. వాటికి వేరే ప్రీమియం కట్టాల్సి రావచ్చు.

గుర్తుపెట్టుకోండి! బీమా డబ్బు తర్వాత వస్తుంది. ముందు ప్రాణం చూసుకోవాలి. ఊళ్ళో కుక్క కరిస్తే ఆ చోటుని సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళి టీకా వేయించుకోవాలి. “చిన్న గాటే కదా” అని పెద్దవాళ్ళకి చెప్పకుండా ఉండకండి. ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో అంబులెన్సు కోసం 108కి ఫోన్ చేయాలి. ఈ సేవ 2005లో మొదలైంది. దీనికి డబ్బు తీసుకోరు.

మీకు తెలుసా?

• 1864లో అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ ఊళ్ళో జేమ్స్ బాటర్సన్ అనే ఆయన ప్రయాణ ప్రమాదాలకి బీమా మొదలుపెట్టాడు. ఒక బ్యాంకు ఆయన పోస్టాఫీసు నుంచి ఇంటికి నడిచి వెళ్ళడానికి 5,000 డాలర్ల బీమా తీసుకున్నాడని, దానికి ప్రీమియం 2 సెంట్లని చెప్పుకుంటారు.
• భారతదేశంలో ఐఆర్‌సీటీసీలో రైలు టికెట్టు కొనేటప్పుడు 45 పైసలకి బీమా తీసుకోవచ్చు. రైలు ప్రమాదంలో ప్రాణం పోతే కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇస్తారు. కానీ ఇది భారత పౌరులకే. మీది వేరే దేశం పాస్‌పోర్టు అయితే ఇది మీకు వర్తించదు.
• ఇండియా నుంచి మీ తాతయ్య, అమ్మమ్మ వచ్చి పారిస్ చూడాలంటే షెంగెన్ వీసా కావాలి. ఆ వీసాకి కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి.

సామెత

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు.

పొయ్యి మీది వేడి గిన్నె దించాలంటే ముందే ఆకులు పట్టుకోవాలి. చేతులు కాలిపోయాక పట్టుకుని ఏం లాభం? జాగ్రత్త ముందే ఉండాలి అని అర్థం. చిన్ను కాలు గురించి నాన్న చెప్పింది కూడా ఇదే.

మాట తీరు

ఒకే క్రియ నాలుగు రకాలుగా ఎలా మారుతుందో చూడండి.

కొను: కొంటే, కొనకపోతే, కొంటేనే, కొన్నా
చెప్పు: చెబితే, చెప్పకపోతే, చెబితేనే, చెప్పినా
పోవు: పోతే, పోకపోతే, పోతేనే, పోయినా

పెట్టె పోతే ఫిర్యాదు రాయించాలి. (పోవచ్చు, పోకపోవచ్చు. పోయినప్పుడు చేయాల్సిన పని ఇది.)
నిజం చెప్పకపోతే డబ్బు రాదు. (చెప్పనప్పుడు జరిగేది ఇది.)
నిజం చెబితేనే బీమా పనిచేస్తుంది. (చెప్పడం తప్పనిసరి. వేరే దారి లేదు.)
బీమా కొన్నా డబ్బు రాలేదు. (వస్తుందనుకున్నారు, కానీ రాలేదు.)

మాట్లాడేటప్పుడు కొందరు “చెప్తే” అంటారు, కొందరు “చెబితే” అంటారు. రెండూ సరైనవే.

అభ్యాసాలు

అ) జవాబులు పూర్తి వాక్యాల్లో రాయండి.
1. నాన్న ఏప్రిల్‌లోనే బీమా ఎందుకు తీసుకున్నాడు?
2. “లేదు” అని పెట్టమని సిరి ఎందుకు అడిగింది?
3. “ఆయన కొన్నది బీపీ లేని మనిషికి బీమా” అంటే ఏమిటి?
4. ఇన్‌హేలర్ పెద్ద పెట్టెలో పెట్టి ఉంటే ఏమయ్యేది?

ఆ) సరైన రూపంతో ఖాళీలు పూరించండి.
1. రసీదులు ______ (దాచు) క్లెయిము సులువు.
2. హెల్మెట్ ______ (పెట్టుకొను) బండి ఎక్కుతాను, లేకపోతే ఎక్కను.
3. ఎంత ______ (వెతుకు) పెట్టె కనపడలేదు.
4. ఫోన్ ______ (చేయు) వాళ్ళకి ఎలా తెలుస్తుంది?

ఇ) లెక్క చేయండి.
1. ఆసుపత్రి బిల్లు 640 పౌండ్లు. ఎక్సెస్ 100 పౌండ్లు. బీమా కంపెనీ ఎంత ఇస్తుంది?
2. ఒక్క వస్తువుకి పరిమితి 200 పౌండ్లు. ఎక్సెస్ 50 పౌండ్లు. దొంగతనంలో 350 పౌండ్ల టాబ్లెట్ పోయింది. ముందు పరిమితి చూసి, తర్వాత ఎక్సెస్ తీసేస్తారు. ఎంత వస్తుంది? మీకు ఎంత నష్టం?

ఈ) తప్పో ఒప్పో చెప్పండి.
1. ఆలస్యంగా వచ్చిన పెట్టె గురించి విమాన సంస్థకి ఏడాది తర్వాత రాసినా ఫరవాలేదు.
2. ‘భీమా’ అని రాయడం సరైనది.
3. 45 పైసల రైలు బీమా అన్ని దేశాల పౌరులకీ ఉంటుంది.

ఉ) మాట్లాడుకుందాం.
సిరి కట్టిన 15 పౌండ్లు వృథా అయ్యాయా? చిన్ను పక్షాన ఇద్దరు, సిరి పక్షాన ఇద్దరు తెలుగులోనే వాదించండి. “నువ్వు చెప్పింది నిజమే, కానీ...” అని మొదలుపెట్టండి.

ఇంటిపని

మీ తర్వాతి ప్రయాణం గురించి అమ్మానాన్నలని ఈ ప్రశ్నలు తెలుగులో అడిగి, జవాబులు రాసుకు రండి.
1. మనకి ప్రయాణ బీమా ఉందా? ఎప్పుడు తీసుకున్నారు?
2. మన ఇంట్లో ఎవరికైనా ముందునుంచీ ఉన్న జబ్బు ఉందా? అది కాగితంలో రాశారా?
3. అత్యవసరమైతే ఏ నంబరుకి ఫోన్ చేయాలి? (ఆ నంబరు ఒక చీటీ మీద రాసి మీ సంచిలో పెట్టుకోండి.)
4. రోజూ వేసుకునే మందులు ఏ సంచిలో పెడుతున్నాం?

లెక్కల జవాబులు: 1. 540 పౌండ్లు. 2. 150 పౌండ్లు వస్తుంది, 200 పౌండ్లు నష్టం.